నల్లరాతి మీద నల్ల చీమ

నల్లని రాత్రి, నల్లని రాయి, ఆ రాతి మీద పాకే నల్ల చీమ. ఆ చీమనూ అల్లాహ్ చూస్తున్నాడు, దాని అడుగుల అలికిడినీ వింటున్నాడు. మన ఇళ్లలో దాదీలు, నానీలు పిల్లలకు దైవభీతి నేర్పేటప్పుడు ఈ మాట చెప్పడం అందరూ ఎరిగినదే. 'కాలీ రాత్, కాలా పత్థర్, కాలీ చీంటీ' అని మొదలుపెడితే చాలు, అల్లరి చేసే పిల్లవాడు కూడా ఒక్క క్షణం ఆగి వింటాడు. ఇది ఖుర్‌ఆన్ ఆయతు కాదు. హదీసు అని చెప్పుకోవడానికీ వీల్లేదు. పెద్దల నోట తరతరాలుగా నలిగిన మాట. అయితే దాని భావానికి దివ్య ఖుర్‌ఆన్‌లో గట్టి పునాది ఉన్నది. నేల చీకట్లలో దాగిన గింజ కూడా దైవజ్ఞానానికి వెలుపల లేదని అన్‌ఆమ్ సూరా 59వ ఆయతు తెలుపుతున్నది. భూమి మీద సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి అల్లాహ్ బాధ్యతలోనే ఉన్నదని, అది ఎక్కడ నివసిస్తుందో, చివరకు ఎక్కడికి చేరుతుందో ఆయన ఎరుగునని హూద్ సూరా 6వ ఆయతు భావం.

మనిషి కంటికి కనిపించని చీమ నిజంగా ఉంటుందా? ఉంటుంది. అలాంటి చీమ ఒకటి భూగోళానికి అవతలి వైపున, దక్షిణ అమెరికాలోని అమెజాన్ వర్షారణ్యంలో, తడి మట్టి కింద తన బతుకు తాను బతుకుతూ వచ్చింది. దానికి కళ్లు లేవు. వెలుగుతో పని లేదు. 2008 వరకు దానికి మనుషులు పెట్టిన పేరు కూడా లేదు. పేరు లేనంత మాత్రాన దాని ఉపాధి ఆగిపోలేదు.

మనౌస్ మట్టిలో ఒక్క చీమ

బ్రెజిల్ దేశంలో అమెజాన్ నది ఒడ్డు ప్రాంతంలో మనౌస్ అనే నగరం ఉంది. 1998లో మాన్‌ఫ్రెడ్ వెర్‌హాగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆ నగరం దగ్గరి అడవి నుంచి మట్టి నమూనాలు తీసి పరిశీలించగా అందులో రెండు వింత చీమలు కనిపించాయి. అంతకు ముందు ఎవరూ వర్ణించని రూపం వాటిది. దురదృష్టవశాత్తు పరిశోధన పూర్తి కాకముందే అవి చేజారిపోయాయి. మళ్లీ వెతికితే దొరకలేదు.

ఐదేళ్లు గడిచాయి. 2003లో క్రిస్టియన్ రాబెలింగ్ అనే యువ పరిశోధకుడికి మనౌస్‌లోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఆవరణలో, రాలిన ఆకుల మధ్య, అలాంటిదే ఒక చీమ కనిపించింది. ఒక్కటంటే ఒక్కటి. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. ఒంటి రంగు పాలిపోయి ఉంది. కళ్లు అసలు లేవు. నోటి ముందు మాత్రం పొడవైన, సన్నని పట్టకారు లాంటి దవడలు ఉన్నాయి. కంసాలి పట్టకారుతో సన్నని వెండి తీగను పట్టుకున్నట్టు, మట్టి సందుల్లోని మెత్తని పురుగులను పట్టి లాగడానికి అవి పనికివస్తాయని శాస్త్రజ్ఞుల ఊహ.

ఆ ఒక్క చీమను పాడు చేయకుండా దాని వంశం తెలుసుకోవాలి. అందుకని ముందరి కుడికాలు ఒక్కటి తీసి, దాని నుంచి డి.ఎన్.ఏ. సేకరించారు. ఆవగింజ కన్నా చిన్నదైన కాలు! అయినా అందులోనే ఆ జీవి వంశచరిత్ర అంతా రాసి ఉన్నది. ఇతర చీమలతో పోల్చి చూస్తే, అది తెలిసిన ఏ వర్గానికీ చెందదని తేలింది. చీమల వంశవృక్షంలో మొట్టమొదట చీలిన కొమ్మల్లో ఒకదానికి చెందినదని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఆ కొమ్మ వయస్సు 12 కోట్ల సంవత్సరాలకు పైమాటేనని వారి అంచనా. దాని కోసం ఒక కొత్త ఉపకుటుంబాన్నే ఏర్పాటు చేయవలసి వచ్చింది. బతికి ఉన్న చీమల్లో కొత్త ఉపకుటుంబం కనిపించడం 1923 తర్వాత అదే మొదటిసారి. రాబెలింగ్, జెరెమీ బ్రౌన్, వెర్‌హాగ్ ముగ్గురూ కలిసి 2008లో ఈ సంగతిని ప్రపంచానికి తెలిపారు.

దానికి పెట్టిన పేరు మార్షియాలిస్ హ్యూరెకా. మొదటి మాటకు అంగారక గ్రహానికి చెందినది అని అర్థం. ఇన్ని వింత లక్షణాలు ఒకే చీమలో కనిపించేసరికి ఇది ఈ లోకపు జీవి కాదేమో అనిపించిందట. రెండవ మాట పూర్వం గ్రీకు పండితుడు ఆర్కిమెడీస్ వేసినట్టు చెప్పుకునే కేక. దొరికింది అని దాని అర్థం. చేజారినది మళ్లీ దొరికిందన్న సంతోషం ఆ పేరులో ఉంది.

విశ్వాసికి ఇక్కడ ఒక చిన్న నవ్వు వస్తుంది. అది అంగారకుడి మీది నుంచి రాలేదు. ఈ నేలలోనే ఉన్నది. మన చూపు అక్కడికి చేరలేదు, అంతే.

చీకటే దానికి రక్ష

ఇంత పాత వంశం ఇంతకాలం ఎలా నిలిచింది? శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఆలోచింపజేస్తుంది. వర్షారణ్యపు మట్టి లోపల పెద్ద మార్పులు ఉండవు. పైన ఎండ కాసినా, గాలివాన వచ్చినా లోపల తేమ, చలువ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పైనున్న చీమల జాతులు ఒకదానితో ఒకటి పోటీపడి, కొన్ని గెలిచి, కొన్ని నశించిపోయినా, కింద దాక్కున్న ఈ చిన్న వంశం తన చోట తాను నిలిచింది. మిగతావాటికి కన్ను వరమైతే, దీనికి కన్ను అవసరమే లేని చోటు రక్ష అయింది. సృష్టికర్త ఎవరికి ఏది చాలునో అదే ఇచ్చాడు.

తర్వాత జరిగిన జన్యు పరిశోధనల్లో లెప్టానిల్లా అనే మరో భూగర్భ చీమల వర్గం దీనికి దగ్గరి బంధువని తేలింది. ఆ వర్గపు చీమలు కూడా చిన్నవి, పాలిపోయినవి, నేల లోపల తిరిగేవి. అవి ఆసియాలో ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి. ఇవి కాక డోరిలస్ అనే జాతి చీమలు మన దేశపు నేలల్లో ఉన్నాయి. వాటి కూలి చీమలకు చూపు లేదు. గుంపులు గుంపులుగా మట్టి లోపలే కదులుతాయి. బంగాళదుంప, వేరుశనగ వంటి పంటలకు నష్టం చేస్తాయని వ్యవసాయ శాస్త్రజ్ఞులకు వీటితో పరిచయం ఉంది. రెక్కలున్న వాటి మగ చీమలు మాత్రం పైకి వచ్చి రాత్రిపూట దీపాల చుట్టూ తిరుగుతాయి. వాటిని చూసి ఏదో కందిరీగ అనుకునేవారే ఎక్కువ.

లోకంలో మొత్తం చీమలెన్ని? 2022లో వెలువడిన ఒక పరిశోధన ప్రపంచం నలుమూలల నుంచి వందలాది అధ్యయనాల లెక్కలను కూడి ఒక అంచనా వేసింది. 20 పక్కన 15 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య అది. మనుషుల్లో తలకొక్కరికి ఇరవై అయిదు లక్షల చీమల లెక్కన వస్తుంది. వాటి శరీరాల్లోని కర్బనం బరువు, అడవి పక్షులు, అడవి క్షీరదాలు అన్నిటిలోని కర్బనం కన్నా ఎక్కువ. ఆ పరిశోధకులే నేల లోపలి చీమల లెక్కలు బహు తక్కువగా దొరికాయని అన్నారు. అంటే అసలు లెక్క ఇంకా పెద్దదే కావచ్చు. మన దేశంలో ఇంతవరకు పేర్లు పెట్టిన చీమల రకాలు 800కు పైగా ఉన్నాయి.

ఇవన్నీ ఏం చేస్తున్నాయి? మట్టిని గుల్ల చేస్తున్నాయి. వాన నీరు లోపలికి దిగడానికి దారులు తీస్తున్నాయి. చచ్చిన పురుగును ముక్కలు చేసి మట్టిలో కలుపుతున్నాయి. గింజలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేరవేస్తున్నాయి. కూలి అడగని కూలీలు.

హజ్రత్ సులైమాన్ విన్న మాట

దివ్య ఖుర్‌ఆన్‌లో ఒక సూరాకు చీమ పేరే ఉన్నది. 27వ సూరా, అన్నమ్ల్. హజ్రత్ సులైమాన్ (అలైహి) జిన్నులు, మానవులు, పక్షులతో కూడిన మహాసైన్యంతో చీమల లోయకు వచ్చిన ఘట్టం అందులో 18, 19 ఆయతుల్లో ఉన్నది. సైన్యాన్ని చూసిన ఒక చీమ తన తోటి చీమలను హెచ్చరించింది. మీ ఇళ్లలోకి దూరండి, సులైమాను, ఆయన సైన్యం తమకు తెలియకుండానే మిమ్మల్ని తొక్కివేయవచ్చు అన్నది దాని మాటల సారాంశం. ఆ మాట విని సులైమాన్ (అలైహి) చిరునవ్వు నవ్వారు. తనకూ, తన తల్లిదండ్రులకూ దక్కిన అనుగ్రహాలకు కృతజ్ఞత చూపే బుద్ధిని, తన ప్రభువు మెచ్చే మంచిపని చేసే భాగ్యాన్ని ప్రసాదించమని వేడుకున్నారు.

ఈ ఆయతు గురించి మదర్సాలలో చెప్పుకునే ఒక ఉదంతం ఉంది. 1144లో మరణించిన వ్యాఖ్యాత జమఖ్షరీ దానిని తన తఫ్సీరులో రాశారు. హజ్రత్ ఖతాదా కూఫా నగరానికి వచ్చి, ఏమి అడగదలచినా అడగండి అన్నారట. అప్పుడు ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇంకా చిన్నవాడు. సులైమాన్ (అలైహి) కాలపు ఆ చీమ ఆడదా, మగదా అని అడగమన్నారు. ఖతాదా జవాబు చెప్పలేకపోయారు. ఆడదే అన్నారు అబూ హనీఫా. ఎలా తెలిసిందని అడిగితే, అక్కడ వాడిన క్రియ 'ఖాలత్' స్త్రీలింగ రూపమని చూపించారు. నమ్లహ్ అనే పదమే స్త్రీలింగ ప్రత్యయంతో ఉన్నది కాబట్టి క్రియ ఆ రూపంలో రావడం సహజమేనని, దాన్నిబట్టి ఆడా మగా నిర్ణయించలేమని తర్వాతి వ్యాకరణవేత్తలు వాదించారు.

గూడు విడిచి ఆహారం కోసం తిరిగేవి, గూటిని కాపాడేవి, ప్రమాదం వస్తే హెచ్చరించేవి అన్నీ ఆడ చీమలేనని, మగ చీమలు కొద్దికాలమే బతుకుతాయని ఈనాడు మనకు తెలుసు. ఈ రెండింటినీ జతచేసి ఇదిగో రుజువు అని ఊరేగించే అలవాటు కొందరిలో ఉంది. దివ్య గ్రంథానికి మన ఊరేగింపులు అవసరం లేదు. వ్యాకరణం మీద జరిగిన చర్చను మన పెద్దలు దాచకుండా మనకు అందించారు. ఆ నిజాయితీయే మనకు ఆస్తి.

ఆ ఆయతులో మనసు పెట్టవలసిన మాట మరొకటి ఉన్నది. తమకు తెలియకుండానే అన్న మాట. ఆ చీమ సులైమాన్ (అలైహి) మీద నింద వేయలేదు. ఒక ప్రవక్త, ఆయన వెంట ఉన్న విశ్వాసులు తెలిసి తెలిసి చీమలను తొక్కరని దానికి నమ్మకం. తెలియక తొక్కుతారేమోనని భయం. ఈ మాట ఆయన చెవిన పడింది. చెవిన పడ్డాక ఇక తెలియదనే వీలు లేదు. అందుకే ఆయన నోట ముందుగా వచ్చినది కృతజ్ఞత, ఆ వెంటనే మంచిపని చేసే భాగ్యం కోసం దుఆ.

తెలియనంత వరకు మనిషికి ఒక సాకు ఉంటుంది. తెలిశాక ఆ సాకు పోతుంది. చీమ మాట నేర్పే పాఠం ఇదేనని నాకు తోస్తుంది.

సులైమాన్ (అలైహి) జీవితం ముగిసిన తీరు కూడా ఒక మట్టి జీవితోనే ముడిపడి ఉంది. ఆయన చేతికర్రను ఆనుకొని నిలబడే కన్నుమూశారు. నేలలోని ఒక పురుగు ఆ కర్రను తొలిచివేసి, ఆయన దేహం ఒరిగే వరకు జిన్నులకు ఆ సంగతి తెలియలేదని సబా సూరా 14వ ఆయతు తెలుపుతున్నది. అది చెదపురుగని వ్యాఖ్యాతలు రాశారు. మన ఉర్దూలో దీమక్. జిన్నులకు తెలియని సంగతిని ఒక చెదపురుగు బయటపెట్టింది!

మన నల్లమలలో దాగిన నీలం

అమెజాన్ మనకు దూరం. అక్కడి సంగతి మనకెందుకు అనుకునేవారు ఒకసారి నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్లే దారిని తలచుకోవాలి. గాజులపల్లె దాటాక నల్లమల మొదలవుతుంది. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు వెళ్లినా ఆ కొండలే ఎదురవుతాయి. ఇది అమెజాన్ లాంటి వర్షారణ్యం కాదు. ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి. అయినా ఒక సంగతిలో అమెజాన్‌కు తీసిపోదు. మనుషులు ఒక్కసారి చూసి, ఆ తర్వాత నూరేళ్లకు పైగా జాడ తెలియక వదిలేసిన జీవి ఇక్కడ ఉన్నది.

అది ఒక సాలీడు. లోహపు మెరుపుతో కూడిన నీలిరంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు, వీపు మీద తెల్లని గీతల అల్లిక. కాళ్లు చాపితే మనిషి అరచేయంత, ఒక్కోసారి అంతకన్నా పెద్దది. 1899లో ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పోకాక్ దానిని లోకానికి పరిచయం చేశారు. ఆయన దగ్గర ఉన్నది కూడా ఒకే ఒక సాలీడు. అది గుత్తిలోని రైల్వే కట్టెల యార్డులో దొరికింది. అందుకే ఇప్పటికీ ఇంగ్లీషు పుస్తకాల్లో దానికి గుత్తి పేరే ఉన్నది. శాస్త్రీయ నామం పొయెసిలోథీరియా మెటాలికా.

తర్వాత దాని జాడ లేదు. గుత్తి చుట్టుపక్కల వెతికితే ఎలా దొరుకుతుంది? అది ఆ ఊరిదే కాదు. అడవిలో నరికిన మానుతో పాటు రైలెక్కి దాదాపు నూరు కిలోమీటర్లు ప్రయాణం చేసి అక్కడ దిగిన బాటసారి అని తర్వాత అర్థమైంది. 102 సంవత్సరాలు గడిచాక, 2001లో, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్యనున్న అడవిలో అది మళ్లీ కనిపించింది. ప్రపంచ శాస్త్రజ్ఞులకు అది పెద్ద వార్త. మన ఊళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

ఇది గాలిలో వల అల్లే సాలీడు కాదు. పెద్ద చెట్ల తొర్రల్లో, బెరడు సందుల్లో పట్టుపోగులతో గూడు పరుచుకుని ఉంటుంది. పగలు దాక్కుని, రాత్రి బయటికి వచ్చి పురుగులను వేటాడుతుంది. పెద్ద వయస్సు సాలీళ్లకు లోతైన తొర్రలు కావాలి. లోతైన తొర్ర ముసలి చెట్టులోనే ఉంటుంది. ఆడ సాలీడు పదేళ్లకు పైగా బతుకుతుంది. కరిస్తే నొప్పి, మంట బాగా ఉంటాయి గాని, దీని కాటుతో మనిషి చనిపోయినట్టు దాఖలా లేదు.

దాని నీలిరంగు కూడా వింతే. అది బట్టకు వేసే రంగు లాంటిది కాదు. వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన అమరిక మీద వెలుతురు పడి నీలంగా తిరిగి వస్తుంది. తొర్ర చీకట్లో బతికే జీవికి ఇంతటి అలంకారం ఎవరి కోసం? చూసేవాడు చూస్తూనే ఉన్నాడు.

2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. అది బతికే ప్రాంతం మొత్తం 100 చదరపు కిలోమీటర్ల లోపేనని, ఆ కాస్త అడవీ కట్టెల కోసం, కలప కోసం పలచబడుతున్నదని ఆ సంఘం పేర్కొన్నది. మరొక ప్రమాదం దాని అందమే. విదేశాల్లో సాలీళ్లను గాజుపెట్టెల్లో పెంచే సరదా ఉంది. అక్కడ వీటిని ఇప్పుడు పెట్టెల్లోనే పిల్లలు చేయించి అమ్ముతున్నారు. దాని పుట్టిల్లయిన అడవిలో మాత్రం అది కరువవుతున్నది. 2019లో ఈ ప్రజాతి సాలీళ్లన్నిటినీ అంతర్జాతీయ వ్యాపారంపై నిఘా ఉండే సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో చేర్చారు.

దివ్య ఖుర్‌ఆన్‌లో సాలీడు పేరుతోనూ ఒక సూరా ఉన్నది. 29వ సూరా అన్‌కబూత్. అల్లాహ్‌ను వదిలి ఇతరులను ఆశ్రయించేవారిని అందులో సాలీడు ఇంటితో పోల్చడం జరిగింది. ఇళ్లన్నిటిలో బలహీనమైనది అదేనని 41వ ఆయతు భావం. అది విశ్వాసానికి సంబంధించిన ఉపమానం. దాన్ని మనం సాలీడు గూడు పీకడానికి అనుమతిగా చదువుకోకూడదు. హిజ్రత్ సమయంలో సౌర్ గుహ ముంగిట సాలీడు గూడు కట్టిన కథనాన్ని మన ఇళ్లలో ప్రేమగా చెప్పుకుంటారు. ఆ కథనపు ప్రామాణికత మీద హదీసు పండితుల్లో చర్చ ఉన్న మాట నిజమే. కాని ఆ కథ వింటూ పెరిగిన పిల్లలు 'మకడీ'ని చూడగానే చెప్పు తీయరు. ఆ సంస్కారం మంచిదే.

నల్లమల పక్కనే కడప కొండల్లో ఇలాంటిదే మరో ఉదాహరణ ఉంది. నెల్లూరులో పనిచేసిన డాక్టర్ జెర్డాన్ 1851లో దక్షిణ భారత చీమల మీద ఒక జాబితా ప్రకటించారు. ఆయన పేరుతోనే లోకం ఎరిగిన కలివికోడి అంతరించిపోయిందని అంతా అనుకున్నారు. 1986లో అది కడప జిల్లాలో మళ్లీ దొరికింది. దానిని చేత్తో పట్టి చూపించినది ఏ పెద్ద చదువులూ లేని స్థానికుడు. అడవి అంచున బతికేవారికి తెలిసినది పట్నపు పుస్తకాలకు చాలా ఆలస్యంగా చేరుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

ధర్మం ఏం చెబుతున్నది?

భూమి మీద తిరిగే ప్రతి ప్రాణీ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని అన్‌ఆమ్ సూరా 38వ ఆయతు భావం. అక్కడ వాడిన మాట 'ఉమమ్', అంటే ఉమ్మత్‌లు. మనం గర్వంగా చెప్పుకునే మాటనే అల్లాహ్ చీమకూ, సాలీడుకూ వర్తింపజేశాడు.

పూర్వపు ప్రవక్తలలో ఒకరిని చీమ కుట్టగా ఆయన ఆ చీమల గూడునే కాల్పించారని, ఒక్క చీమ కుట్టినందుకు దైవాన్ని స్తుతించే ఒక సముదాయాన్నే కాల్చివేశావా అని అల్లాహ్ ఆయనను మందలించాడని బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనం ఉన్నది. మరో సందర్భంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) సహచరులు కాల్చిన చీమల గూడును చూసి, అగ్నితో శిక్షించే హక్కు అగ్నికి ప్రభువైనవానికే ఉన్నదని వారించారు. ఇది అబూ దావూద్ గ్రంథంలో హజ్రత్ ఇబ్ను మస్‌వూద్ (రజి) ద్వారా వచ్చినది. చీమ, తేనెటీగ, హుద్‌హుద్, కీచుపిట్ట అనే నాలుగింటిని చంపరాదని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖనం కూడా అబూ దావూద్‌లో ఉన్నది.

అయితే చక్కెర డబ్బాలో చేరిన చీమల మాటేమిటి? పసిపిల్లను కుట్టే ఎర్రచీమల మాటేమిటి? ధర్మం మనిషి కష్టాన్ని పట్టించుకోకుండా ఉండదు. హాని చేసేవాటిని వేరే దారి లేనప్పుడు చంపవచ్చునని ఫుఖహాలు అనుమతించారు. అప్పుడు కూడా నిప్పు పెట్టరాదు, అవసరాన్ని మించరాదు. డబ్బా మూత గట్టిగా పెట్టడం, డబ్బాను నీళ్ల పళ్లెంలో ఉంచడం, గడపలో పసుపు చల్లడం మన అమ్మలు ఎరిగిన ఉపాయాలే. ఇవి వదిలి, ఇంటి వెనక పెరట్లో ఎవరి జోలికీ రాని పుట్ట మీద మందు పొడి కుమ్మరించడం అవసరం కాదు. అది అలవాటు మాత్రమే.

నిప్పు మాట వచ్చింది కనుక రైతు సోదరులకు ఒక మనవి. కె.సి. కాలువ కింద వరి కోశాక కొయ్యకాళ్లకు అగ్గి పెట్టే అలవాటు కొందరికి ఉన్నది. ఆ మంటలో పై మట్టిలోని జీవం ఎంత మాడిపోతుందో కంటికి కనిపించదు. కలియదున్నితే అదే గడ్డి ఎరువవుతుంది. ఎండాకాలంలో అడవి దారిన వెళ్లేవారు ఆర్పకుండా విసిరిన ఒక్క బీడీ ముక్క చాలు, కొండ చరియ అంతా తగలబడడానికి. రాలిన ఆకుల కిందే కదా ఈ చిన్న సముదాయాల కాపురం.

కట్టెల సంగతి కొంచెం కష్టమైనది. పొట్టకూటి కోసం మోపు నెత్తిన పెట్టుకుని వచ్చే పేదరాలిని నిందించడం సులభం. ఆమె ఏరేది ఎండు పుల్లలు. ముసలి మానును మొదలంటా కోసి లారీకెత్తించేది ఆమె కాదు. ఆ కలపను ఎక్కడిదని అడగకుండా కొనే మనబోటివారు ఉన్నారు. నికాహ్‌లకు జహేజ్ పేరుతో మంచాలు, బీరువాలు, సోఫాలు అడిగే అలవాటు మన సమాజంలో పోలేదు. అడగడమే ఒక తప్పు. ఆ కలప దొంగచాటుగా అడవి దాటి వచ్చినదైతే అది రెండవ తప్పు. హలాల్ అని నమ్మకం కుదిరితే తప్ప మాంసం తినము. మంచం విషయంలో ఆ ప్రశ్న ఎందుకు వేయము? ఒక్క తొర్ర ఉన్న చెట్టు పడిపోతే, నూరేళ్ల తర్వాత దొరికిన ఒక ప్రాణికి ఇల్లు పోయినట్టే.

పిల్లలకు ఏమి చూపాలి?

పిల్లలకు అన్నమ్ల్ సూరా కంఠస్థం చేయిస్తున్నాము, సంతోషం. ఆ పాఠం అయిన రోజున వారిని గోడ వారగా కూర్చోబెట్టి ఒక చీమల బారును అరగంట చూడమనండి. ఎదురుపడ్డ రెండు చీమలు మీసాలు కలిపి ఏమి చేస్తాయి? బరువైన గింజను ఎన్ని కలిసి మోస్తాయి? దారికి అడ్డంగా ఒక ఆకు పెడితే ఎటు తిరుగుతాయి? గండుచీమ, ఎర్రచీమ, చలిచీమ ఒకే దారిన నడుస్తాయా? ఖర్చు లేని చదువు ఇది. ఎవరు చెప్పవచ్చారు, వీరిలో ఒకరు రేపు నల్లమల మట్టిలో ఇంతవరకు పేరు లేని చీమను కనిపెట్టవచ్చు. పెద్ద సాలీడు కనిపిస్తే చంపకుండా, పట్టకుండా, అటవీశాఖ వారికి చెప్పాలని కూడా నేర్పండి. దానిని కొంటామని ఎవరైనా డబ్బు ఆశ చూపితే అది హరామ్ సొమ్మని, చట్టం చేతికి చిక్కే పని అని చెప్పండి.

ముస్లిం ఒక మొక్క నాటితే, దాని నుంచి మనిషిగాని, పశువుగాని, పక్షిగాని తిన్నదంతా అతనికి సదఖాగా జమ అవుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. కొత్త మొక్క నాటడం సదఖా అయితే, ఇప్పటికే వందల ప్రాణులకు నీడనిస్తున్న ముసలి చెట్టును నిలవనివ్వడం ఎంత పుణ్యమో ఊహించుకోవచ్చు.

ప్రజలకు మంచి నేర్పేవారి కోసం అల్లాహ్, ఆయన దైవదూతలు, ఆకాశవాసులు, భూమివాసులు, చివరకు తన కన్నంలో ఉన్న చీమ, నీటిలోని చేప కూడా శుభాలు పంపుతారని తిర్మిజీ గ్రంథంలో హజ్రత్ అబూ ఉమామా (రజి) ఉల్లేఖనం ఒకటి ఉన్నది. కన్నంలో ఉన్న చీమ! నేల కింద కంటికి కానరాని ఆ ప్రాణికి మన మంచితో సంబంధం ఉన్నదని దైవప్రవక్త (స) ఏనాడో తెలిపారు. మన చెడుతోనూ దానికి సంబంధం ఉన్నదని నేటి శాస్త్రం తెలుపుతున్నది. కనుక ఇక మీదట మనకు తెలియదని చెప్పుకోలేము.

తెలియక తొక్కినవాటికి అల్లాహ్ మనల్ని మన్నించుగాక. తెలిసినవాటిని తొక్కకుండా నడిచే భాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.